పదో తరగతిని ఎవరికి అప్పగిస్తావు?

ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు దగ్గర
ఆగస్టు 24

అమ్మమ్మకు,
భూమిక దండాలు పెట్టి రాసేది.

నీ చెవులు బాగున్న రోజుల్లో అయితే ఈ వార్త ఫోన్లోనే అరిచేదాన్ని. ఇక్కడ సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లు ఎక్కాలి. అంత ఎత్తెక్కి నేను గొంతు చించుకుంటే, నువ్వు అటునుంచి "ఎవరు, పాలాయనా?" అంటావు. అందుకే ఉత్తరం.

మాల్దీవుల్లో మా ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. నాకు లెక్కలు, సంపత్‌కు జీవశాస్త్రం. ఒకే దీవి, ఒకే బడి, ఉండటానికి ఒకే ఇల్లు. ఇదివరకు అడిగిన చోటల్లా ఇద్దరిలో ఒకరినే తీసుకుంటామన్నారు. ఈ ప్రిన్సిపల్‌కు మాత్రం భార్యాభర్తలే కావాలట. చిన్న దీవి కాబట్టి ఒంటరిగా వచ్చిన టీచర్లు ఏడాది నిండకుండానే వెళ్లిపోతున్నారట. జనవరి మొదటి వారంలో చేరాలి.

నీకు తెలియనిదేముంది అమ్మమ్మా. పెళ్లయి నాలుగేళ్లయింది. నేనిక్కడ రాత్రి డ్యూటీలతో హాస్టల్ గదిలో, సంపత్ కరీంనగర్‌లో తన కాలేజీ పక్క అద్దె గదిలో. సెలవు దొరికితే సగం సెలవు బస్సులోనే గడిచిపోతుంది. మొన్న వచ్చినప్పుడు అన్నాడు: "మనిద్దరం కలిసి ఒక్క బకీటన్న కొనలే భూమీ. ఆడికి వోయినంక ముందుగాల బకీటు కొందాం." నవ్వాను. ఆయన బస్సెక్కిన తర్వాత చాలాసేపు అదే మాట తలుచుకున్నాను.

వాళ్లు పంపిన ఆఫర్ కాగితం జిరాక్సు ఇందులో పెట్టాను. నీ కన్ను పడితే గానీ ఏ కాగితమైనా పూర్తయినట్టు నాకు అనిపించదు. షరతుల్లో ఏదైనా తిరకాసు ఉంటే చెప్పు.

నీ భూమిక


జమ్మికుంట
సెప్టెంబరు 3

చిరంజీవి భూమికకు,
ఆశీస్సులు.

ఉత్తరం అందింది. సంతోషం. సంపత్‌కు కూడా నా ఆశీస్సులు చెప్పు. చెప్పులు గుమ్మం లోపల వదిలే అలవాటు ఆ అబ్బాయికి ఇంకా పోలేదు. ఒకే ఇంట్లో ఉండటమంటే ఏమిటో నీకు అప్పుడు తెలుస్తుంది.

కాగితం రెండుసార్లు చదివాను. మూడో పేరాలో ఒక కామా ఎక్కువైంది. షరతులు స్పష్టంగానే ఉన్నాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకో: ఇద్దరిలో ఎవరు చేరకపోయినా రెండోవారి నియామకం కూడా రద్దవుతుందని రాశారు. కాబట్టి జ్వరాలు, దగ్గులు తెచ్చుకోకుండా ఉండండి.

ఇక అసలు విషయం. జనవరిలో చేరాలంటున్నావు. మీ బడిలో పదో తరగతి పరీక్షలు మార్చిలో. లెక్కల టీచరువి నువ్వొక్కదానివే. ఆ పిల్లలను ఎవరికి అప్పగిస్తావు? ఈ మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నువ్వు మరచిపోయి ఉంటావని అనుకోను. నా చేతి కింద చదివిన పిల్లవు.

నన్ను ఒకసారి హైదరాబాదుకు, పాఠ్యపుస్తకాల పనికి రమ్మన్నారు. పెద్ద గౌరవం. అది నవంబరు నెల. పదో తరగతి పరీక్షలు అయ్యాక వస్తానన్నాను. వాళ్లు ఆగలేదు, ఇంకొకరిని తీసుకున్నారు. దానికి నేను ఏనాడూ బాధపడలేదు. ఆ ఏడాది నా తరగతిలో ఒక్క పిల్ల కూడా లెక్కల్లో తప్పలేదు.

ఏప్రిల్‌లో చేరతామని ఆ ప్రిన్సిపల్‌ను అడుగు. బడి నడిపే మనిషికి ఈ మాట అర్థం కాకుండా ఉండదు.

అమ్మమ్మ


ఆశ్రమ పాఠశాల
అక్టోబరు 6

అమ్మమ్మకు,
దండాలు.

జవాబు ఆలస్యమైంది, తిట్టకు. బతుకమ్మ సెలవులకు కరీంనగర్ వెళ్లాను. సర్టిఫికెట్ల మీద స్టాంపుల కోసం హైదరాబాదు తిరుగుడే సరిపోయింది. ఒక కిటికీ దగ్గర "పక్క కిటికీ" అంటారు, పక్క కిటికీ దగ్గర "భోజనం" అంటారు.

సంపత్ ఈత నేర్చుకుంటున్నాడు. చుట్టూ సముద్రమేనని ఆయన భయం. చిన్నపిల్లలతో పాటు నీళ్లలో దిగి, గట్టు పట్టుకుని కాళ్లు కొడుతుంటే మా అత్తమ్మ చూసి వచ్చి, "ఈదుడు గాదు బిడ్డా, బర్రె బురదల పడ్డట్టున్నది" అంది. తనేమో చింతపండు మూటలు కడుతోంది. "సముద్రం నడుమల చింతపండు దొరకదట గదా. పచ్చిపులుసు లేకుంట వాడు ముద్ద మింగడు. నువ్వన్న చెప్పు, విమానమోళ్లు ఇంత మూటకు ఏమనరు గదా?"

ఆ ఇంటి ఫోటో పంపారు. చిన్నదే. రెండు గదులు, వెనక బొప్పాయి చెట్టు. మంచం ఎక్కడ వేయాలో మేమిద్దరం అప్పుడే కొట్లాడుకున్నాం. కిటికీ కింద అని ఆయన, గోడ పక్క అని నేను. ఇంటి గురించిన కొట్లాట మా ఇద్దరికీ ఇదే మొదటిది అమ్మమ్మా. ఎంత బాగుందో!

పదో తరగతి సంగతి అడిగావు. ఫికర్ పెట్టుకోకు. ఎవరో ఒకరు వస్తారు. పిల్లలకు నష్టం జరగదు.

నీ కాళ్ల వాపు తగ్గిందా? మందులు వేళకు వేసుకుంటున్నావా?

నీ భూమిక


జమ్మికుంట
అక్టోబరు 15

చిరంజీవి భూమికకు,
ఆశీస్సులు.

వాపు తగ్గింది. మందులు వేళకే వేసుకుంటున్నాను. నేను అడిగింది మందుల గురించి కాదు.

ఎత్తిన ప్రశ్నకు జవాబు రాయకుండా కాగితం నింపే పిల్లలను నేను ముప్పై ఏళ్లు చూశాను. "ఎవరో ఒకరు వస్తారు" అనేది జవాబు కాదు. ఎవరు? ఎప్పుడు? ప్రిన్సిపల్‌ను అడిగావా, లేదా? అడగలేదని నీ ఉత్తరమే చెబుతోంది. అడగడానికి మొహమాటం, కాదంటారేమోనని భయం. చిన్నప్పుడు కూడా అంతే. తాగే నీళ్లు అడగడానికి కూడా పక్క పిల్లను పంపేదానివి.

సరే. ఈ విషయం ఇక నువ్వు మనసులో పెట్టుకోకు. నీ చదువు చెప్పే పని నువ్వు చూసుకో. బడులు నడిపిన వాళ్లు బడులు నడిపే వాళ్లతో మాట్లాడుకునే తీరు ఒకటి ఉంటుంది.

మార్కెట్‌కు పత్తి రావడం మొదలైంది. వీధంతా లారీలు. కిటికీలు మూసినా దూది లోపలికే వస్తోంది.

అమ్మమ్మ


ఆశ్రమ పాఠశాల
నవంబరు 9

అమ్మమ్మకు,

ప్రిన్సిపల్ దగ్గరి నుంచి మెయిల్ వచ్చింది. సంపత్ మొదట చూశాడు. నాకు ఫోన్ చేసి, "అమ్మమ్మ ఏమన్న రాసిందా?" అని మాత్రం అడిగాడు.

నువ్వు రాసింది కూడా ఆయన కింద జతచేశాడు. మొత్తం చదివాను. తప్పు ఒక్కటి కూడా లేదు. "నా మనవరాలు స్వభావరీత్యా ఈ మాట తానుగా అడగలేదు. దయచేసి రెండు ఉద్యోగాలనూ ఏప్రిల్ ఒకటి వరకు ఆపి ఉంచగలరు. పదో తరగతిని జనవరిలో వదిలి వచ్చే ఉపాధ్యాయిని, రేపు మీ తరగతినీ అలాగే వదిలిపోదన్న హామీ ఏమిటి?" అని రాశావు.

ఆయనకు నీ మాట నచ్చిందట. నీ మీద చాలా గౌరవం కలిగిందట. తమ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది కాబట్టి ఆగలేమని, మేము బాధ్యత మధ్యలో వదిలి రావడం తనకూ ఇష్టం లేదని రాశాడు. ఆ రెండు ఉద్యోగాలూ ఇంకో జంటకు ఇచ్చేశారు. కేరళ వాళ్లు. మేము వెంటనే ఫోన్ చేశాం. అప్పటికే వాళ్లు సంతకాలు పెట్టి పంపారన్నాడు.

ఇప్పుడు నేను చెప్పని మాట చెబుతాను.

నేను పర్మినెంటు టీచర్ని కాదు అమ్మమ్మా. ఏనాడూ కాదు. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు నాది. నేను ఇక్కడ చేరిన రోజు నువ్వు వీధంతా పేడాలు పంచి, "మా ఇంట్లో రెండో టీచరు" అని అందరికీ చెప్పావు. నీ ముఖం చూసి నాకు నోరు రాలేదు. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లు గడిచిపోయాయి.

కొత్తగా ఎంపికైన వాళ్ల జాబితా ఎండాకాలంలోనే వచ్చింది. మా బడికి లెక్కల టీచరు డిసెంబరులో వస్తుంది. ఆమె వచ్చిన రోజు నా పని అయిపోతుంది. పదో తరగతిని నేను ఎవరికీ అప్పగించే పని లేదు. వాళ్లే నా దగ్గరి నుంచి తీసుకుంటారు. అందుకే ఆ దేశం, ఈ దేశం అని వెతికాం. "ఎవరో ఒకరు వస్తారు" అని రాసింది అబద్ధం కాదు. సగం నిజం.

సంపత్ నిన్ను ఒక్క మాట అనలేదు. ఈత మానేశాడు.

భూమిక


జమ్మికుంట
నవంబరు 18

చిరంజీవి భూమికకు,

నీ ఉత్తరం అందింది. చదివి లోపల పెట్టాను. మళ్లీ తీసి చదివాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆఫర్ కాగితం మీద ఆ ప్రిన్సిపల్ మెయిల్ చిరునామా ఉంది. మన వీధి చివర ఆన్‌లైన్ సెంటర్ నడిపే షాహిదా నీకు తెలుసు, నా దగ్గర చదివిన పిల్లే. నేను చేతితో రాసింది ఇచ్చి టైపు చేయమన్నాను. సగం దాకా కొట్టి ఆపింది.

"టీచర్, జర ఆగుర్రి. భూమికను ఒక్క మాట అడిగి పంపుదాం."

"ఎందుకు?"

"నౌకరీ వాళ్లది గదా టీచర్. మంచికే రాసిన్రు, కాదంటలేను. గానీ ఆడ సదివేటోళ్లు ఎట్ల తీసుకుంటరో ఏం ఎర్క?"

"నువ్వు నాకు చెబుతావా?" అన్నాను. ఆ పిల్లకు పిల్లలున్నారు, పెద్దది కాలేజీకి పోతోంది. అయినా నేనలా అనేసరికి తలవంచుకుని మిగతాది కొట్టి పంపింది.

నేను అడిగింది కాదంటారని అనుకోలేదు. నిజం చెప్పి అడిగితే బడి పెద్ద మనిషి ఎవరైనా వింటాడనుకున్నాను. ఆయన విన్నాడు కూడా. అదే జరిగింది.

కాంట్రాక్టు సంగతి నువ్వు నాకు చెప్పి ఉంటే, అని ఒక వాక్యం మొదలుపెట్టాను. పూర్తి చేయను. నాకు చెప్పలేని పరిస్థితి నీకు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. పేడాలు పంచినప్పుడు నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయావు. సిగ్గనుకున్నాను.

ఈ రోజు మళ్లీ షాహిదా దగ్గరికి వెళ్లాను. తప్పు నాదని, మీ ఇద్దరి తప్పేమీ లేదని, ఆ ప్రిన్సిపల్‌కు ఇంకోసారి రాద్దామని.

"నేను కొట్ట టీచర్" అంది.

"ఏమిటీ?"

చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది. "మీరు తిట్టినా సరే, ఇగ నేను కొట్ట. భూమిక ఒచ్చి కొట్టుమంటే కొడ్త."

కాగితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. రాయమంటావా, వద్దా, చెప్పు. సంపత్‌ను ఏమని పలకరించాలో నాకు తెలియడం లేదు.

అమ్మమ్మ


కరీంనగర్
జనవరి 21

అమ్మమ్మకు,
దండాలు.

రెండు నెలలు రాయలేదు. కోపంతో కాదు. ఏం జరుగుతుందో తేలాక రాద్దామనుకున్నాను.

డిసెంబరు మొదట్లో కొత్త టీచరు వచ్చింది. పేరు ప్రవళిక, వేములవాడ వైపు పిల్ల. నాకన్నా చిన్నది. హెడ్‌మాస్టరు గదిలోకి పిలిచి, "ఆర్డర్ ఒచ్చింది భూమికా. నా చేతుల ఏం లేదు" అని టీ తెప్పించాడు. ఆ రోజే పదో తరగతికి ఆమెను నేనే తీసుకువెళ్లి పరిచయం చేశాను. వెనక కూర్చుని ఆమె పాఠం విన్నాను. వృత్తాలు చెప్పింది. బాగా చెప్పింది. నేను రెండు రోజులు తీసుకునేది ఒక్క పీరియడులో పిల్లలకు ఎక్కించింది. అక్కడ కూర్చుని నీ ప్రశ్నే గుర్తుచేసుకున్నాను. వాళ్లకేమీ కొరత లేదు అమ్మమ్మా. అది సంతోషించాల్సిన మాట. సంతోషపడటానికి కొన్నాళ్లు పట్టింది.

పిల్లలు హాస్టల్ గేటు దాకా వచ్చారు. "టీచర్, మీరు సముద్రం దేశం పోతుండ్రట గదా? మాకు గవ్వలు తెస్తరా?" అన్నారు. అక్టోబరులో నేనే చెప్పుకున్నాను వాళ్లకు. తెస్తానన్నాను.

ఇక సంపత్ సంగతి. అదే ప్రిన్సిపల్ తనంతట తానే ఇంకో దీవిలోని బడికి ఆయన పేరు చెప్పాడు. అక్కడ జీవశాస్త్రానికి మాత్రమే ఖాళీ. ఇంకో ఇద్దరు టీచర్లతో కలిసి ఒకే గదిలో ఉండాలి. మొదటి ఏడాది భార్యను తీసుకురాకూడదు. రెండో ఏడాది ఇల్లు ఖాళీ ఉంటే చూస్తారట.

ఆయన వెళ్లనన్నాడు. నేనే వెళ్లమన్నాను. ఇద్దరం ఇక్కడ కూర్చుంటే ఏముంది? ఆయన కాలేజీలో నోటీసు ఇచ్చి అప్పటికే రెండు నెలలైంది, ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చేశారు. అద్దె గది ఖాళీ చేస్తామన్నాం. అందరికీ వీడ్కోలు కూడా చెప్పేశాం. అత్తమ్మ మూటలో సగం చింతపండు తీసేసి, మళ్లీ మొత్తం పెట్టింది. "ఒక్కనికి గింత ఎందుకే అవ్వా?" అని ఆయన అంటే, "ఒక్కడివే గదా, ఎక్కువ దినాలు ఒస్తది తీయ్" అంది.

పదిహేనో తారీఖున వెళ్లాడు. విమానాశ్రయం లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అద్దం అవతల. నాకు వినపడలేదు. తర్వాత ఫోన్లో అడిగితే, "ఏమన్ననో యాదికి లేదు" అన్నాడు.

నేను అత్తమ్మ దగ్గర ఉన్నాను. దగ్గర్లో ఒక ట్యూషన్ సెంటర్‌లో చెబుతున్నాను. వెళ్లి నిన్ను చూసి రమ్మని అత్తమ్మ అంటోంది. గంట ప్రయాణం. ఇప్పుడే రాలేను అమ్మమ్మా. నీ ముందు నిలబడితే నేను మళ్లీ విద్యార్థినై పోతాను. నువ్వు "భోంచేశావా" అని అడిగితే కూడా, సరైన జవాబు ఏమిటా అని వెతుక్కుంటాను. ఒకప్పుడు అది నాకు ఇష్టంగా ఉండేది.

నీ మంచి మనసు నాకు తెలుసు. దయచేసి ఇక ఎవరికీ ఏమీ రాయకు. ప్రిన్సిపల్‌కు గానీ, ట్యూషన్ సెంటర్‌కు గానీ, ఎవరికీ.

నీ భూమిక


జమ్మికుంట
ఫిబ్రవరి 2

చిరంజీవి భూమికకు,
ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎవరికీ రాయను.

నువ్వు రాకపోయినా నేను ఏమీ అనుకోను. రావాలనిపించినప్పుడు రా. వచ్చినప్పుడు నేను ఏమీ అడగకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను. ఆ పని నేను ఎప్పుడూ చేయలేదు. ఎంతవరకు చేతనవుతుందో చెప్పలేను.

ప్రవళిక బాగా చెబుతోందని రాశావు. అలా రాయడానికి మనసు ఉండాలి. హైదరాబాదుకు నా బదులు వెళ్లినామె ఎలా పనిచేసిందో నేను ఏనాడూ కనుక్కోలేదు. బాధపడలేదని నీకు రాశాను గానీ, అది నిజం కాదు. ఆ ఏడాది పుస్తకాలు కొత్తవి వస్తే నేను మొదటి పేజీ తెరవలేదు. అక్కడ పేర్లుంటాయి.

నిన్న షాహిదా ఇంటికి వెళ్లి కూర్చున్నాను. పని మీద కాదు. ఆమె కంగారు పడి, "ఏమైంది టీచర్, పానం బాగలేదా?" అంది. బాగానే ఉందన్నాను. చాయ్ ఇచ్చింది. మాల్దీవుల పటం చూపించమని అడిగాను. కంప్యూటర్లో చూపించింది. నీలం రంగు తప్ప ఏమీ కనిపించలేదు. పెద్దది చేస్తూ పోతే చుక్కలు వచ్చాయి. మొదట మీకు ఉద్యోగాలు ఇస్తామన్న దీవి ఒకటి, ఇప్పుడు సంపత్ ఉన్నది ఇంకొకటి. రెంటి మధ్య చాలా నీళ్లున్నాయి. సంపత్ ఉన్న దీవికి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోవచ్చట. సాయంత్రం బడి అయ్యాక ఆ అబ్బాయి ఏం చేస్తాడు? ఎవరితో మాట్లాడతాడు? ఆ గదిలో వంట ఎవరు చేస్తారు?

సంపత్‌కు ఒక ఉత్తరం రాశాను. రాసి వారమైంది. అందులో సలహాలు లేవు. క్షమాపణ ఒకటి ఉంది, అది కూడా పొడవుగా లేదు. మిగతాది ఊరి సంగతులు. ఎవరికీ రాయొద్దని నువ్వు అన్నదాంట్లో సంపత్ కూడా ఉన్నాడో లేడో నాకు తెలియలేదు. అందుకని ఆ ఉత్తరం ఇందులో పెట్టి నీకే పంపుతున్నాను. కవరు అంటించలేదు. చదువు. పంపవచ్చనిపిస్తే పంపు, లేకపోతే నీ దగ్గరే ఉంచు.

అమ్మమ్మ